కాస్త కుళ్లు లేకపోతే అది మల్లె కాదు

ఇంట్లో సెంటు చేసుకునేవాళ్లు ప్రశ్నలు పంపండని కిందటి సంచికలో రెండు లైన్లు వేశారు. ఇప్పుడు నా టేబుల్ మీద ఓ సంచెడు ఉత్తరాలున్నాయి, ఫోన్లో ఇంకో సంచెడు మెసేజ్‌లు. ముందే చెప్తున్నా, నేను పెద్ద చదువులు చదివిన పర్‌ఫ్యూమర్‌ని కాదు. రాజమండ్రిలో ఒక అగరుబత్తి కంపెనీలో ఇరవై ఏడేళ్లు సెంటు గదిలో పనిచేశాను. తూకం వేసే పిల్లగా చేరి, కాంపౌండ్లు కలిపే దాకా వచ్చాను. మోకాళ్లు అరిగిపోయాయి గానీ ముక్కు ఇంకా అరగలేదు. ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే మాట: ‘సీసాలో పువ్వు వాసన రావట్లేదు.’ అందుకని మొదటి జవాబే పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మేడమ్ గారూ, మాది విజయవాడ. ఎండాకాలంలో అమ్మ మైలవరం మల్లెలు తెప్పించి నాకు పూలజడ వేసేది. ఆ వాసనతో సెంటు చేసుకుందామని ఆన్‌లైన్లో మూడు ‘జాస్మిన్’ ఫ్రాగ్రెన్స్ ఆయిల్స్ కొన్నాను. ఒకటి బబుల్‌గమ్‌లా ఉంది, రెండోది బాత్రూమ్ కడిగే నీళ్లలా, మూడోది సబ్బులా. మల్లెపువ్వు ఏ సీసాలోనూ లేదు. అచ్చం మల్లెలా ఉండే ఆయిల్ ఏదో చెప్పరూ?

చూడమ్మా, సీసా మీద ‘జాస్మిన్’ అని ఊరికే రాసి ఉంటే అది మల్లె అవ్వాలని లేదు. మనకి మల్లె వేరు, జాజి వేరు, విరజాజి వేరు, సన్నజాజి వేరు. పొరపాటున ఒకటి అడిగితే ఇంకొకటి కట్టిచ్చిందని పూలమ్మితో దెబ్బలాడే జాతి మనది. ఇంగ్లీషువాళ్లకి అన్నీ కలిపి ఒకటే పేరు. ఫ్రాన్సులో గ్రాస్ ఊరి చుట్టుపక్కల సెంట్ల కోసం పెంచింది మన జాజి రకం, దాన్ని గ్రాండిఫ్లోరం అంటారు. తేనెలా, ముగ్గిన పండులా బరువైన వాసన. మన మల్లె పేరు సాంబాక్. ఇది పచ్చిగా, చల్లగా ఉంటుంది, చివర్లో నారింజపూత గుర్తొస్తుంది. కాబట్టి కొనేటప్పుడు ‘జాస్మిన్ సాంబాక్’ అని గానీ, ‘మోగ్రా’ అని గానీ రాసి ఉన్నదే అడుగు. సగం గొడవ అక్కడే తీరుతుంది.

మిగతా సగం రసాయనం గొడవ. జాజి, మల్లె తైలాల్లో ఎక్కువ పాలు ఉండే వాటిలో బెంజైల్ అసిటేట్ ఒకటి. కారు చవక. దూరం నుంచి మల్లెలాగే ఉంటుంది. దగ్గరికి తెచ్చుకుంటే అరటిపండు, గోళ్లరంగు. నీ బబుల్‌గమ్ సీసా అదే. నీ సబ్బు సీసాలో ఉన్నది సిన్నమిక్ ఆల్డిహైడ్ జాతివి, అమైల్ అనీ హెక్సైల్ అనీ రెండున్నాయి. బట్టల సబ్బుకీ అగరుబత్తికీ వాటిని మించిన చవక మల్లె లేదు. మేము డ్రమ్ములకి డ్రమ్ములు ఒంపాం. ఆ వాసన పీల్చి పెరిగారు కాబట్టే జనం అదే మల్లె అనుకుంటున్నారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మరి పువ్వులో ఉండి సీసాలో లేనిదేమిటి? ఇండోల్.

నేను కొత్తగా చేరినప్పుడు మా సూపర్‌వైజరు ఒక చిన్న డబ్బా చేతికిచ్చి మూత తియ్యమన్నాడు. తెల్లటి పలుకులు. వాసన చూశాను. కలరా ఉండలు, దాని వెనకే వీధి చివర కాలవ. డబ్బా అక్కడే పెట్టేసి బయటికి పరిగెత్తాను. ఆయన నవ్వి, అందులో పిసరంత తీసి సారాలో బాగా పలచన చేసి, కాగితం పట్టీ ముంచి, మర్నాడు పొద్దున ఇచ్చాడు. కళ్లు మూసుకుని వాసన చూస్తే మా అమ్మమ్మ తలగడ. రాత్రి పూలు పెట్టుకుని పడుకుని లేచాక తలగడకి ఉంటుందే, ఆ వాసన.

నమ్మకపోతే ఇంట్లోనే చూసుకో. సాయంత్రం మూర మల్లెలు కొని స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టు. విచ్చుకునేటప్పుడు ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి మూత తీసి వాసన చూసి కాగితం మీద రాసుకో. మొదట దోసకాయ తొక్కులాంటి పచ్చిదనం. రాత్రికి తీపి. పొద్దున్నకి గోధుమరంగు తిరిగి కాస్త కుళ్లు. ఆ కుళ్లు రాత్రి తీపిలో కూడా ఉంటుంది, తీపి దాన్ని కప్పి ఉంచుతుందంతే. సెంటు కంపెనీవాళ్లు ఫిర్యాదులు వస్తాయని భయపడి ఆ కుళ్లు తీసేస్తారు. దానితోపాటు పువ్వూ పోతుంది.

కాబట్టి అచ్చం మల్లె ఉన్న సీసా కోసం వెతకడం మానెయ్. ఒక మోస్తరు సాంబాక్ ఆయిల్ కొని, లేనిది నువ్వే వేసుకో. నేను చేసుకునే పాళ్లు ఇవి, మొత్తం 10 గ్రాములకి. సాంబాక్ ఫ్రాగ్రెన్స్ ఆయిల్ 5 గ్రాములు, హెడియోన్ 3 గ్రాములు, చందనం ఫ్రాగ్రెన్స్ ఆయిల్ 1.4 గ్రాములు. మిథైల్ ఆంత్రనిలేట్ 10 శాతం ద్రావణం 0.3, ఇండోల్ 10 శాతం ద్రావణం 0.2, సిస్-3-హెక్సెనాల్ 10 శాతం ద్రావణం 0.1 గ్రాము. పేర్లు చూసి బెదరకు. మిథైల్ ఆంత్రనిలేట్ ద్రాక్ష వాసన మిఠాయి గుర్తుందా, అదే. మల్లె చివర నారింజపూతలా తగిలేది అదే. హెక్సెనాల్ అంటే అప్పుడే కోసిన గడ్డి. ద్రావణం అంటే 1 గ్రాము సరుకుని 9 గ్రాముల డీపీజీలో కలపడం. డీపీజీ అంటే డైప్రొపైలీన్ గ్లైకాల్, సెంట్లు పలచన చేసుకునే ద్రావకం. ఇవన్నీ సెంటు ముడిసరుకు అమ్మేవాళ్ల దగ్గర చిన్న సీసాల్లో దొరుకుతాయి. ఇండోల్ 5 గ్రాములు కొంటే నీకు జన్మకి చాలు. దాన్ని వంటింట్లో మాత్రం తూచకు. నేనొకసారి తూచాను, వారం రోజులు మా ఇంట్లో పప్పు ఎవరికీ సహించలేదు.

హెడియోన్ గురించి ఒక ముక్క. స్విట్జర్లాండ్‌లో ఫిర్మెనిష్ కంపెనీ రసాయనికులు జాజి తైలాన్ని విడదీసి చూస్తూ పట్టుకున్న దారిలో పుట్టిన సరుకది. 1966లో వచ్చిన ‘ఓ సొవాజ్’ అనే మగవాళ్ల సెంటుతో దానికి పేరొచ్చింది. మూత తీసి వాసన చూస్తే దాదాపు ఏమీ ఉండదు, మోసపోయాననుకుంటావు. నేనూ మొదట నీళ్లు పోసి పంపారనే అనుకున్నా. మిశ్రమంలో పడ్డాక దాని సంగతి తెలుస్తుంది. మూసిన గదిలో కిటికీ తెరిచినట్టు పూల మధ్య గాలి ఆడుతుంది. బబుల్‌గమ్ సీసా పారెయ్యకు, దానికి బోలెడు హెడియోన్ కలిపితే అదీ దారికొస్తుంది.

చుక్కల లెక్క వద్దు. ఒక డ్రాపరు చుక్క ఇంకో డ్రాపరు చుక్క ఒకటి కావు. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా కొనుక్కో. కలిపాక సీసా మూత బిగించి చీకట్లో మూడు వారాలు పెట్టు. తర్వాత ఇందులో 1.5 గ్రాములు తీసుకుని 8.5 గ్రాముల ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌లో కలిపి రోల్ ఆన్ సీసాలో పోసుకో. దాన్ని ఐపీఎం అని అడిగితే ఇస్తారు. కొబ్బరినూనెలోనో నువ్వులనూనెలోనో కలుపుదామనుకోకు. డీపీజీ నూనెల్లో సరిగ్గా కలవదు, విడిపోయి అడుగున కూర్చుంటుంది.

ఇంకోటి. ‘వంద శాతం స్వచ్ఛమైన మల్లె ఎసెన్షియల్ ఆయిల్’ అని మూడొందలకి అమ్ముతుంటే ఆ దిక్కే వెళ్లకు. మల్లెని ఆవిరి పట్టి నూనె తియ్యడం లాభం లేదు, ఆ వేడికే వాసన చెడుతుంది. ద్రావకంతో లాగి అబ్సల్యూట్ అనే చిక్కటి సారం తీస్తారు. ఒక కిలో అబ్సల్యూట్‌కి పువ్వు వందల కిలోలు కావాలి. లెక్క నువ్వే వేసుకో.

అక్కా నమస్తే. మాది కరీంనగర్. పెండ్లి దండలల్ల పెట్టే లిల్లీ పూల వాసనంటే నాకు పానం. ‘లిల్లీ’ ఆయిల్ తెప్పించిన. అది సబ్బు నీళ్ల తీర్గ ఉంది, మన లిల్లీ లెక్కనే లేదు. నకిలీ పంపిన్రా?

నకిలీ కాదు తమ్ముడూ, పేరు మోసం చేసింది. గుడిమల్కాపూర్ నుంచి కడియపులంక దాకా మన పూల మార్కెట్లలో లిల్లీ అంటే రజనీగంధ. నేలసంపంగి అనేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషులో అది ట్యూబరోజ్. నీకొచ్చింది బహుశా ‘లిల్లీ ఆఫ్ ది వ్యాలీ’ అయ్యుంటుంది. అది చలిదేశాల్లో పూసే బుల్లి తెల్లగంటల పువ్వు. విచిత్రం ఏమిటంటే, ఆ పువ్వు నుంచి పనికొచ్చే తైలం తియ్యడం చాలాకాలం ఎవరికీ కుదరలేదు. ప్రపంచంలో ఉన్న ఆ సెంట్లు దాదాపు అన్నీ మనుషులు ఊహించి కట్టినవే. వాటిలో తెగ వాడిన లిలియాల్ అనే సరుకుని యూరప్ వాళ్లు 2022 మార్చి నుంచి ఒంటికి రాసుకునే వాటిలో నిషేధించారు. నీ సీసా పాత సరుకేమో అడిగి చూడు. అనుమానంగా ఉంటే గదిలో వాసనకి వాడుకో.

ఈసారి ట్యూబరోజ్ అని అడుగు. వచ్చాక నిజమైన లిల్లీ కాడ ఒకటి తెచ్చి పక్కన పెట్టుకుని, రాత్రి ఎనిమిది దాటాక రెంటినీ పోల్చు. పువ్వులో రెండు సంగతులు కనపడతాయి. ఒకటి, కొబ్బరిపాలలాంటి నునుపు. రెండు, నవ్వకు, నొప్పులకి రాసుకునే బామ్. ఆ బామ్‌లో ఉండే మిథైల్ సాలిసిలేటే పువ్వులోనూ ఉంటుంది. సీసాలో తీపి తప్ప ఈ రెండూ కనపడకపోతే, కొబ్బరి నునుపుకి గామా నోనలాక్టోన్ 10 శాతం ద్రావణం, బామ్ వాసనకి మిథైల్ సాలిసిలేట్ 1 శాతం ద్రావణం తెచ్చుకుని 10 గ్రాముల ఆయిల్‌కి చెరి 0.2 గ్రాములతో మొదలుపెట్టు. మొదటిదాన్ని వ్యాపారంలో ‘ఆల్డిహైడ్ సి-18’ అంటారు. అది ఆల్డిహైడూ కాదు, దానిలో పద్దెనిమిది కార్బన్లూ లేవు. ఎవరు పెట్టారో ఆ పేరు! బామ్ ఒక్క పిసరు ఎక్కువైనా పెళ్లిదండ కాస్తా మోకాళ్లనొప్పి వాసనైపోతుంది, జాగ్రత్త.

అమ్మా, మాది అనకాపల్లి. ఇంట్లో సంపెంగ చెట్టుంది, డాబా మీద మల్లె పందిరుంది. ఇన్ని పూలు పెట్టుకుని సీసాలు కొనడమెందుకని కొబ్బరినూనెలో వేసి మరిగించాను. వేగిన ఆకుకూర వాసనొచ్చింది.

వస్తుంది మరి, పూలని వేపుడు చేశావు కదా! పువ్వు వాసన నిప్పుని తట్టుకోదు. పైగా పువ్వులో నీళ్లుంటాయి, అవి నూనెలో మిగిలితే పది రోజుల్లో ముక్కిపోతుంది.

మల్లె కోశాక కూడా బతికే ఉంటుంది. తెల్లవారకుండా కోసిన మొగ్గ సాయంత్రం మన కళ్లముందే విచ్చుకుని వాసన విడుస్తుంది. ఆ వదిలే వాసనని చల్లగా పట్టుకోవాలి. మన పెద్దవాళ్లు నువ్వులతో పట్టారు. ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ చమేలీ తైలం ఇలా చేసిందే. పొట్టు తీసిన పొడి నువ్వులు పళ్లెంలో పలచగా పరిచి, సాయంత్రం మొగ్గలు వాటిమీద పరిచి, పైన ఇంకో పొర నువ్వులు చల్లి గుడ్డ కప్పు. మర్నాడు పూలు ఏరేసి కొత్తవి వెయ్యి. పది, పదిహేను సార్లు అలా మార్చాక గానుగ పట్టించు. గానుగవాడు రెండు మూడు కిలోలకి తక్కువైతే ఒప్పుకోడు, ముందే అడుగు. సన్నగా, నిజమైన మల్లె వాసనతో తలనూనె వస్తుంది. సెంటంత గాఢంగా రాదు. పందిరి మల్లెలు ఊరికే రాలిపోతుంటే చెయ్యి, డబ్బులు పెట్టి పూలు కొని మాత్రం చెయ్యకు.

డియర్ ఆంటీ, నేను డల్లస్‌లో ఉంటాను. అమ్మమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య మొగలిరేకులు ఉండేవి. బీరువా తలుపు తీస్తే వచ్చే ఆ వాసన మా అమ్మాయికి చూపించాలని ఉంది. ఇక్కడ ఇండియన్ షాపులో కేవ్‌డా వాటర్ కొన్నాను, చీరమీద చల్లొచ్చా?

వద్దు తల్లీ, పట్టుమీద మరకలు పడతాయి. అది బిర్యానీలో వేసుకో.

నీ ఉత్తరం చదివి మా అత్తగారి పెట్టె గుర్తొచ్చింది. మొగలిపువ్వంటే మనవాళ్లకి భయమూ ఇష్టమూ రెండూనూ. ఆ పొదలో పాములుంటాయని భయం, అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శివుడికి పెట్టరు, జడలోకి మాత్రం కావాలి! దేశంలో మొగలి తైలానికి ఇల్లు ఒడిశాలోని గంజాం జిల్లా, మన శ్రీకాకుళానికి ఆనుకునే ఉంటుంది. బరంపురంలో మనవాళ్లు బోలెడుమంది. ఆ చుట్టుపక్కల ఛత్రపూర్ వైపు వానాకాలంలో మగపూలు కోసి, రాగి డేగిసాల్లో ఆవిరి పట్టి తీస్తారు. ఉత్త తైలం అయితే రూహ్, చందనం నూనెలోకి పట్టింది అత్తరు, మిగిలిన నీళ్లు నీ కేవ్‌డా వాటర్.

రూహ్ ఖరీదు మనవల్ల కాదు. అదృష్టం ఏమిటంటే, మొగలి పువ్వు మల్లెలా వంద వాసనల గుంపు కాదు. తైలంలో సగానికి పైగా ఒక్క సరుకే, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. అందుకే కేవ్‌డా ఫ్రాగ్రెన్స్ ఆయిల్స్ చవకవి కూడా ఓ మాదిరిగా అసలుకి దగ్గరగా ఉంటాయి. అయితే ముక్కు మీద గుద్దినట్టుంటాయి, వాటిని లొంగదియ్యాలి. 10 గ్రాములకి కేవ్‌డా ఆయిల్ 3, గులాబీ ఆయిల్ 3, చందనం 3.8, మరువం ఎసెన్షియల్ ఆయిల్ 0.2 గ్రాములు కలుపు. మరువం ఎందుకంటావా? దానిలో ముఖ్యమైన టెర్పినెన్-4-ఆల్ మొగలిలోనూ ఉంది. ఆ కాస్తతో రేకు అంచుల ముళ్లు తగిలినట్టుంటుంది. అక్కడి షాపుల్లో ‘స్వీట్ మార్జోరం’ అని అడుగు. మూడు వారాలయ్యాక దళసరి కాగితం ముక్కలకి రాసి, బాగా ఆరనిచ్చి, పలచటి గుడ్డలో కట్టి, చీరలకి తగలకుండా బీరువా మూలన పెట్టు. కర్పూరం ఉండలు ఉంటే ముందు అవి తీసెయ్. మీ అమ్మాయి ఏమందో రాయి.

మేడమ్, డిగ్రీ చదువుతున్నా, తిరుపతి. సెంటుకి ఆల్కహాల్ కావాలి కదా అని శానిటైజర్లో రోజ్ ఆయిల్ కలిపాను. పెరుగులా అయ్యింది. హార్డ్‌వేర్ షాపులో స్పిరిట్ వాడొచ్చా?

వాడకూడదు. గట్టిగా చెప్తున్నా బాబూ, ఆ స్పిరిట్లో మిథనాల్ ఉంటుంది, విషం. ఒంటిమీద వద్దు, ఊపిరిలోకీ వద్దు. శానిటైజర్లో నీళ్లు, గ్లిజరిన్, చిక్కబరిచే మందు ఉంటాయి, అందుకే పెరుగైంది. అసలు ఇథైల్ ఆల్కహాల్ మన దగ్గర ఎక్సైజ్ నిబంధనల కిందికి వస్తుంది. ‘పర్‌ఫ్యూమర్స్ ఆల్కహాల్’ అని రాసి, లోపల ఏముందో చూపించే కాగితం ఇచ్చేవాళ్ల దగ్గరైతే కొను. లేకపోతే పైన విజయవాడ అమ్మాయికి చెప్పినట్టు ఐపీఎంలో చేసుకో. హాస్టల్లో అదే మేలు, అగ్గిపుల్ల భయం తక్కువ.

నా సెంటు పది నిమిషాల్లో మాయమైపోతోంది. వాసన నిలబెట్టే ఫిక్సేటివ్ ఏం వెయ్యాలి? (కర్నూలు)

ఏమీ వెయ్యకముందు పక్కింటావిణ్ణి అడగండి. చాలాసార్లు పోయేది సెంటు కాదు, మన ముక్కు. ఒకే వాసన పీలుస్తుంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కాఫీగింజలు వాసన చూడమంటారు, నాకెప్పుడూ పనిచెయ్యలేదు. మోచేతి మడతలో మన ఒంటి వాసనే చూసుకుని, బయటికెళ్లి పది నిమిషాలు నడిచొస్తే తేరుకుంటుంది. పక్కింటావిడక్కూడా రాకపోతే అప్పుడు చందనమో, కస్తూరి వాసన ఆయిలో పదో వంతు పెంచండి. పూల పైవాసన ఎలాగూ ముందే ఎగిరిపోతుంది, దాన్ని కట్టేసే తాడు లేదు.

ఆన్‌లైన్లో కొన్న చామంతి ఆయిల్ మెడకి రాసుకుంటే దద్దుర్లు వచ్చాయి. షాపువాళ్లు ‘అందరికీ బాగానే ఉంది, మీ ఒంటికే పడలేదు’ అంటున్నారు. (నిజామాబాద్)

ముందు వాడకం ఆపి, తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించండి. తర్వాత సీసా మీద సన్నక్షరాలు చదవండి. కొవ్వొత్తులకి, రూమ్ ఫ్రెషనర్లకి చేసిన ఆయిల్ అయితే అది ఒంటికి కాదు. కొనేముందు ‘ఇఫ్రా సర్టిఫికెట్ ఉందా, ఒంటికి రాసే సెంటులో ఎంత శాతం దాకా వాడొచ్చు’ అని అడగండి. ఇఫ్రా అంటే సువాసన సరుకులకి హద్దులు పెట్టే అంతర్జాతీయ సంఘం. ఆ కాగితం చూపించనివాడి దగ్గర నేనైతే కొనను. నాకూ ఒకసారి ఇలాగే జరిగింది, ఎడమచెయ్యి మీద మచ్చ రెండేళ్లుంది. అప్పట్నుంచి కొత్తది ఏదైనా సరే, పలచన చేసి మోచేతి లోపల ఒక చుక్క రాసి రెండు రోజులు ఆగుతాను.

సంపెంగ సెంటు చేశాను, కొంచెం వెనిల్లా కూడా వేశాను. బంగారంలా ఉండేది, నెలకి టీ డికాక్షన్‌లా అయ్యింది. పాడైనట్టేనా? (నెల్లూరు)

వాసన బాగుంటే పాడవలేదు. వెనిల్లాలోని వెనిలిన్ గోధుమరంగు తిరుగుతుంది. సంపెంగలో ఉండే మిథైల్ ఆంత్రనిలేట్ కూడా ఆల్డిహైడ్‌లతో కలిస్తే పసుపు, నారింజ రంగులు తెస్తుంది. తెల్లచీర మీద మాత్రం పడనివ్వకండి.

మొదటిసారి మొదలుపెడుతున్నాను. ఎన్ని రకాల ఆయిల్స్ కొనాలి? ఒక కిట్‌లో నలభై ఉన్నాయి. (ఖమ్మం)

నలభై వద్దమ్మా. వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధాలకి ఒక అధ్యాయమే పెట్టి, పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి చొప్పున ఏరితే 1820 మిశ్రమాలవుతాయని లెక్క చెప్పాడు. పదహారుకే అన్నయితే నీ నలభైకి ఎన్నో? నాలుగు కొనుక్కో: మల్లె, గులాబీ, చందనం, హెడియోన్. వాటి పాళ్లు మారుస్తూ ఆరు నెలలు గడపొచ్చు. ప్రతిదీ రాసుకో. నా పుస్తకంలో ఒక పేజీలో ‘ఇది అద్భుతం’ అని మాత్రమే ఉంది, ఏం కలిపానో రాయలేదు.

గుంటూరు నుంచి. మా నాయనమ్మకి తొంభై దగ్గరపడ్డాయి. కనకాంబరాల సెంటు కావాలంటోంది. ఒకచోట ‘కనకాంబరం ఫ్రాగ్రెన్స్ ఆయిల్’ అని చూశాను. కొననా?

కొనలేదుగా? హమ్మయ్య. కనకాంబరానికి మన ముక్కుకి తెలిసే వాసనే లేదమ్మా, రంగు కోసం పెట్టుకుంటాం. ఆ సీసాలో ఏం పోశాడో వాడికే తెలియాలి.

కానీ మీ నాయనమ్మ తప్పు చెప్పలేదు. ఆవిడ తలలో కనకాంబరం ఒంటరిగా ఎప్పుడుంది? కదంబం దండ అయ్యుంటుంది. నడుమ మల్లెమొగ్గలు, రెండు కణుపులకోసారి మరువం, ఎప్పుడైనా దవనం రెబ్బ. కళ్లు కనకాంబరాన్ని చూశాయి, ముక్కు మరువాన్ని పట్టుకుంది. ఆవిడకి కావలసింది అదే అనుకుంటాను. పైన చెప్పిన మల్లె మిశ్రమం 8 గ్రాములు, ట్యూబరోజ్ ఆయిల్ 1.1, మరువం ఎసెన్షియల్ ఆయిల్ 0.6, దవనం నూనె 10 శాతం ద్రావణం 0.3 గ్రాములు కలుపు. దవనం ఎక్కువైతే పండ్ల జామ్ అవుతుంది. తొంభై ఏళ్ల ఒళ్లు, చర్మానికి రాయొద్దు. దూది ఉండకి ఒక చుక్క వేసి తలగడ పక్కన పెట్టు. ఏం చేశావో చెప్పకుండా, అదేం పువ్వని ఆవిణ్ణే అడుగు.